రేడియేటర్లో పోసిన బోరు నీళ్లు, విప్పవలసి వచ్చిన హెడ్

మే నెల చివరి వారంలో, రోహిణి కార్తె మొదలైన మర్నాడు, అమ్మ మొక్కు తీర్చడానికి హనుమకొండ నుంచి కాళేశ్వరం బయలుదేరాము. బండి మా బాపు 1999లో కొన్న మారుతి 800. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ ఏపీ 36 అనే ఉంటుంది. పరకాల దాటి భూపాలపల్లి వైపు వెళ్తుండగా బొగ్గు లారీల వెనక చాలాసేపు సెకండ్ గేరులోనే నడపవలసి వచ్చింది. రోళ్లు పగిలే ఎండ అని పెద్దలు ఊరికే అనలేదు. కిటికీ అద్దం దించితే పొయ్యి ముందు కూర్చున్నట్టుగా ఉంది. నా చూపంతా ముందున్న లారీ మీదే ఉండడం వల్ల ఇంజిన్ వేడిని చూపే ముల్లు ఎప్పుడు పైకి ఎక్కిందో గమనించలేదు. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చాక చూస్తే ముల్లు హెచ్ అక్షరాన్ని దాటి ఉంది. పక్క పొలంలో బోరు మోటారు నడుస్తోంది. అక్కడి రైతు బిందెడు నీళ్లు ఇచ్చాడు. పది నిమిషాలైనా ఆగకుండా, మూతకు గుడ్డ చుట్టి తిప్పి, ఆ నీళ్లను రేడియేటర్లో పోశాను. మూత తిప్పినప్పుడు చెయ్యి కాలకపోవడం నా అదృష్టం. ఉడుకుతున్న ఇంజిన్ మీద మూత తెరిస్తే లోపలి ఒత్తిడికి మరిగే నీళ్లు ముఖం ఎత్తున ఎగజిమ్ముతాయి.

ఆ రోజు మేము కాళేశ్వరం చేరలేదు. ఇంజిన్ చల్లబడ్డాక వెనక్కి మళ్లి, మూడుచోట్ల ఆగి నీళ్లు పోసుకుంటూ రాత్రి పదింటికి ఇల్లు చేరాము. ఆ తర్వాత వారం రోజులు బండి ఎప్పటిలాగే స్టార్టయ్యేది, నడిచేది. అయితే ప్రతి ఉదయం రేడియేటర్లో దాదాపు లీటరు నీళ్లు తగ్గి ఉండేవి, బండి కింద నేల మాత్రం పొడిగానే ఉండేది. స్టార్ట్ చేసినప్పటి నుంచీ సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి దట్టంగా వస్తూనే ఉండేది. చలికాలం ఉదయాన అలాంటి ఆవిరి ఏ బండికైనా వస్తుంది, కానీ మే నెలలో, ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత కూడా అది ఆగకపోతే సిలిండర్లోకి నీళ్లు దిగుతున్నాయనే అర్థం. చల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూశాను. అన్నం ఉడికేటప్పుడు వచ్చినట్టు బుడగలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. అవి గాలి బుడగలు కావు, సిలిండర్లో మండిన గ్యాసు నీళ్ల దారిలోకి దూరి అలా బయటపడుతోంది.

ములుగు రోడ్డు వైపు చిన్న రేకుల షెడ్డు నడిపే ఉస్తాద్ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. బాపు ఈ బండిని ఆయనకు తప్ప ఇంకొకరికి అప్పజెప్పడానికి ఇష్టపడేవాడు కాదు, బాపు పోయాక బండిని ఎవరెవరికో చూపించిన తప్పు నాది. ఉస్తాద్ మూడు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు తీసి పక్కన పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టమన్నాడు. సిలిండర్లో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజ్‌లో మొదటి సిలిండర్‌కు 12 కేజీలు వచ్చాయి. రెండోదానికి 6, మూడోదానికి అంతకంటే కొంచెం తక్కువ. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకేసారి ఇలా పడిపోయాయంటే తప్పు రింగుల్లోనో వాల్వుల్లోనో ఉండే అవకాశం తక్కువ. ఆ రెండింటి నడుమనున్న గోడ మీద, సిలిండర్లున్న బ్లాకుకూ దానికి మూతలాంటి హెడ్‌కూ మధ్య ఉండే గాస్కెట్ కాలిపోయి, ఒకదాని కంప్రెషన్ ఇంకోదానిలోకి పోతూ ఉంటుంది.

గాస్కెట్ మారిస్తే సరిపోతుందా అని అడిగాను. షెడ్లలో దానిని గ్యాస్‌కిట్ అనీ హెడ్ ప్యాకింగ్ అనీ అంటారు.

"గ్యాస్‌కిట్ మారుస్త తమ్మీ, అదెంత పని. ఎందుకు పోయిందో సూడకుంట మూత పెడితె ఆర్నెల్లకు మల్ల నా తానికే వస్తవు" అన్నాడు ఉస్తాద్.

నేను ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కారణం ఆ మాటే. హెడ్ విప్పిన రెండు రోజులూ ఆయన పక్కన ఉండి పని చేశాను. విప్పే క్రమంలో ఎక్కడ ఓపిక పట్టాలో, విప్పిన తర్వాత ఎక్కడ కళ్లు పెట్టి చూడాలో ఆయన చేతుల్లోంచి నేర్చుకున్నాను.

గాస్కెట్ మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మందం ఉండే పలుచని రేకు. బ్లాకుకూ హెడ్‌కూ నడుమ నలిగి కూర్చుని, మూడింటిని ఒకదానితో ఒకటి కలవకుండా ఆపుతుంది. సిలిండర్లో 2000 డిగ్రీలు దాటే మంట, దాని చుట్టూ తిరిగే నీళ్లు, పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టుకు వెళ్లే ఆయిల్ — ఈ మూడూ ఒకదానికొకటి వేలెడు దూరంలోనే ఉంటాయి. వీటిని వేరుగా ఉంచేది ఆ రేకు కంటే హెడ్ బోల్టుల బిగువూ, రెండు ముఖాల సమతలమూ. ఈ బండి హెడ్ అల్యూమినియంతో చేసింది. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. ఇంజిన్ తన హద్దులో ఉన్నంతకాలం ఆ సాగుడును గాస్కెట్ తట్టుకుంటుంది. హద్దు దాటి ఉడికితే, ఉక్కు బోల్టులు పట్టి ఉంచడం వల్ల పైకి సాగడానికి చోటులేని హెడ్ గాస్కెట్‌ను మితిమీరి నలుపుతుంది, చల్లబడ్డాక ఆ నలిగిన చోట పట్టు ఉండదు. అలా ఉడికిన హెడ్‌లోకి ఒక్కసారిగా చల్లటి నీళ్లు పోస్తే, నీళ్లు తగిలిన భాగం ఒక్కటే కుంచించుకుపోయి హెడ్ వంగుతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. పరకాల దాటాక నేను చేసింది అదే.

సాయంత్రం నడిపి తెచ్చిన బండిని అదే సాయంత్రం విప్పడానికి ఉస్తాద్ ఒప్పుకోలేదు. "ఇంజిన్ సల్లవడెదాక పానా పెట్టద్దు" అని, ఆ రాత్రి సైలెన్సర్ వైపు, హెడ్ నుంచి పొగను బయటికి పంపే మ్యానిఫోల్డు నట్ల మీద మాత్రం డీజిల్ పోసి ఉంచాడు. వేడి మీద బోల్టు వదులు చేస్తే అల్యూమినియం హెడ్ అప్పటి ఆకారంలోనే వంగి ఉండిపోవచ్చు. అందుకే మర్నాడు ఉదయం ఆరు గంటలకు మొదలుపెట్టాము. ఆ ఎండల్లో రేకుల షెడ్డు కింద పదకొండు దాటితే పానా చేత్తో పట్టుకోలేము కాబట్టి ఆ వేళే మంచిది కూడా.

ముందుగా బ్యాటరీ నెగెటివ్ వైరు తీశాము. కార్బురేటర్‌కు వచ్చే పెట్రోలు పైపు విప్పేటప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు కాబట్టి ఇది చాదస్తం కాదు. తర్వాత రేడియేటర్ కింది పైపు వదులు చేసి నీళ్లు తొట్టిలోకి పట్టాము. ఇటుక పొడి కలిపినట్టున్న ఆ నీళ్లను ఉస్తాద్ రెండు వేళ్ల మధ్య రుద్దుకుని, ఏమీ అనకుండా తొట్టిని నా ముందుకు జరిపాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, హోస్ పైపులు, వ్యాక్యూమ్ పైపులు, యాక్సిలరేటర్ కేబుల్, డిస్ట్రిబ్యూటర్ వైర్లు వరుసగా విప్పాము. కార్బురేటర్ చుట్టూ వేలెడంత లావున్న పైపులు ఎన్నో ఉంటాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ప్రతి పైపు కొసకూ, అది వచ్చిన చోటుకూ తెల్ల టేపు చుట్టి ఒకే అంకె రాశాను. ఫోన్లో ఫొటోలు కూడా తీశాను గానీ, మర్నాడు బిగించేటప్పుడు ఉపయోగపడింది టేపే. రాత్రంతా డీజిల్‌లో నానడం వల్ల మ్యానిఫోల్డు నట్లు విరగకుండా వచ్చాయి. ఒక నట్టు మాత్రం స్టడ్డుతో కలిసి మొత్తంగా బయటికి వచ్చింది. అది విరిగి హెడ్‌లో ఉండిపోయి ఉంటే డ్రిల్లు పెట్టి తీయడానికి ఒక పూట పట్టేది.

పిస్టన్లతో తిరిగే క్రాంక్‌నూ వాల్వులను తెరిచే క్యామ్‌నూ కలిపే టైమింగ్ బెల్టు దగ్గర చాలామంది తొందరపడతారు. బెల్టు తీయకముందే క్రాంక్‌ను మెల్లగా తిప్పి, క్యామ్ పుల్లీ మీది గుర్తూ క్రాంక్ పుల్లీ గుర్తూ వాటి ఎదుటి గుర్తులకు సరిగ్గా నిలిచేలా చేయాలి. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ వదులు చేసి బెల్టు తీసిన తర్వాత క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ కదపకూడదు. ఆ ఒక్క క్రమశిక్షణ పాటిస్తే తిరిగి బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు.

హెడ్ మీద వాల్వులను కప్పే ట్యాపెట్ కవర్ విప్పితే హెడ్ బోల్టులు కనిపించాయి. రెండు వరుసల్లో నాలుగేసి చొప్పున ఎనిమిది. సాకెట్ పెట్టి, చేతికి దగ్గరగా ఉన్న నడిమి బోల్టును పట్టుకోబోయాను. ఉస్తాద్ నా మణికట్టు పట్టి ఆపాడు.

"సివరి నుంచి లోపలికి రావాలె. ఒక్కోదాన్ని పావు సుట్టే తిప్పు. ఎనిమిదీ అయినంకనే మల్ల మొదటిదాని కాడికి వో."

ఎనిమిది బోల్టులు కలిసి హెడ్‌ను బ్లాకు మీద అదిమి పట్టుకుని ఉంటాయి. నడిమి దానిని ముందే పూర్తిగా విప్పితే చివర్లు బిగువుగానే ఉండి నడుము లేస్తుంది, హెడ్ వంగడానికి మనమే తోడ్పడినట్టవుతుంది. అందుకే ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఎదుటి వరుస చివరకు, అలా చుట్టూ తిరుగుతూ చిట్టచివరకు నడుముకు చేరాలి. మొదటి చుట్టులో ప్రతి బోల్టూ ఎండు కట్టె విరిగినట్టు టప్పున చప్పుడు చేసి కదిలింది. ఆ చప్పుడుకు మొదట భయపడ్డాను, ఇన్నేళ్లుగా పట్టి ఉన్న మర వదిలే చప్పుడు అదేనని తర్వాత తెలిసింది. రెండో చుట్టులో అర తిప్పు, మూడో చుట్టుకు చేత్తోనే తిరిగాయి. ఒక అట్టముక్కకు హెడ్ ఆకారంలో ఎనిమిది రంధ్రాలు పొడిచి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టాము. కొత్త తరం బండ్లు చాలావాటిలో బిగించినప్పుడు సాగే రకం బోల్టులు వస్తున్నాయి, వాటిని ఒకసారి విప్పితే కొత్తవి వేయవలసిందే.

బోల్టులన్నీ తీసినా హెడ్ కదలలేదు. పాత గాస్కెట్ రెండు ముఖాలకూ అతుక్కుపోయి ఉంది. నేను స్క్రూడ్రైవర్ అందుకుని సందులో పెట్టబోతే ఉస్తాద్ దానిని నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టేశాడు. అల్యూమినియం ముఖం మీద స్క్రూడ్రైవర్ మొన చేసే ఒక్క గాటు చాలు, కొత్త గాస్కెట్ వేసినా అక్కడి నుంచి మళ్లీ నీరు కారడానికి. ఆయన రబ్బరు సుత్తితో నాలుగు వైపులా మెల్లగా కొట్టి, కార్బురేటర్ వైపు మ్యానిఫోల్డును పట్టుకుని కొద్దిగా ఊపాడు. బురదలోంచి కాలు తీసినప్పటి చప్పుడుతో హెడ్ లేచింది. వాల్వులకు దెబ్బ తగలకుండా దానిని రెండు చెక్కముక్కల మీద పక్కకు వాల్చి పెట్టాము.

అప్పుడు చూసినది నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. మొదటి పిస్టన్ తల నల్లటి మసితో, దోసె పెనంలా ఉంది. మూడోది మాత్రం చింతపండు పెట్టి తోమిన గిన్నెలా తెల్లగా మెరుస్తోంది. అన్ని రోజులుగా సిలిండర్లోకి దిగిన నీళ్లు, మంట తగలగానే ఆవిరై, ఆ తలను కడుగుతూ వచ్చాయి. ఏ సిలిండర్లోకి నీళ్లు దిగాయో తేల్చడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. గాస్కెట్‌ను వెలుతురుకు పెట్టి చూస్తే రెండు, మూడు సిలిండర్ల నడుమ మంటను ఆపే ఉక్కు వలయం విరిగి, అగ్గిపుల్ల వెడల్పున నల్లటి గాడి పడి ఉంది. ఆ గాడి నుంచి సన్నటి చీలిక ఒకటి మూడో సిలిండర్ పక్కనున్న నీళ్ల రంధ్రం దాకా పాకింది.

పాత గాస్కెట్ ముక్కలు గీకడానికి ఉస్తాద్ ప్లాస్టిక్ గీకుడు బిళ్లనే వాడాడు. గ్రైండర్‌కు ఎమరీ బిళ్ల తగిలించి రెండు నిమిషాల్లో నున్నగా చేసే షెడ్లు ఉన్నాయి, అలా చేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఆ పొడి ఆయిల్ దారుల్లో దూరితే బేరింగుల ప్రాణం తీస్తుంది, పైగా ముఖం మీద కంటికి కనిపించని పల్లాలు పడతాయి. సిలిండర్లలో శుభ్రమైన గుడ్డలు కుక్కి, ఓపికగా గంటన్నర గీకాము. తర్వాత ఉక్కు స్కేలును హెడ్ ముఖం మీద నిలువుగా, అడ్డంగా, మూలల నుంచి మూలలకు పెట్టి, కింద ఫీలర్ గేజ్, అంటే సందును కొలిచే పలుచని ఉక్కు ఆకులు, దూర్చి చూశాము. ఉండదగిన వంపు 0.05 మిల్లీమీటర్లు. మా హెడ్ కింద 0.10 ఆకు ధారాళంగా దూరింది, 0.15 ఆకు రెండు, మూడు సిలిండర్ల నడుమ బిగిసి నిలిచింది. కంటికి అద్దంలా కనిపించిన ముఖం అంత వంగి ఉంది. బ్లాకు ముఖం మాత్రం సరిగ్గానే ఉంది. హెడ్‌ను ఆటోనగర్‌లోని లేత్ షాపుకు తీసుకెళ్లి, నీళ్ల తొట్టిలో ముంచి గాలి పట్టించి పగులు లేదని తేల్చుకున్నాకే ముఖాన్ని సమంగా చెక్కే ఫేసింగ్ చేయించాము. పగిలిన హెడ్‌కు ఫేసింగ్ చేయించి ప్రయోజనం లేదు కాబట్టి ఆ క్రమం ముఖ్యం. వాల్వులను కూడా అక్కడే గ్రైండింగ్ చేయించాము.

గాస్కెట్ ఎందుకు పోయిందో ఉస్తాద్ ఆ హెడ్‌లోని నీళ్ల రంధ్రాల్లోనే చూపించాడు. చిటికెన వేలు దూరవలసిన రంధ్రాల్లో కొన్ని పెన్సిల్ కూడా దూరనంత ఇరుకైపోయాయి. లోపల గట్టి పొర, బయట తెలుపు, లోలోపల తుప్పు రంగు. మా ఇంట్లో గీజర్ రాడ్ మీద ఏటేటా పేరుకునే సున్నం పొర అదే. మా వైపు బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీళ్లు వేడెక్కిన కొద్దీ అవి కరిగి ఉండలేక, ఇంజిన్లో అన్నిటికంటే వేడిగా ఉండే గోడల మీదే గడ్డకడతాయి. ఆ గడ్డ వేడిని నీళ్లకు అందనివ్వదు. రేడియేటర్లో ఎన్ని నీళ్లున్నా హెడ్ మాత్రం ఉడుకుతూనే ఉంటుంది. బాపు ఉన్నప్పుడు కూలెంట్ తప్ప మరొకటి పోసేవాడు కాదు. ఆయన తర్వాత నేను, నీళ్లు తగ్గినప్పుడల్లా ఇంటి బోరు కుళాయి కింద మగ్గు పెట్టాను. రేడియేటర్ పై తొట్టి ఊడదీసి చూపించినప్పుడు మూడో వంతు గొట్టాలు పూడుకుపోయి ఉన్నాయి. పాత ఇత్తడి రేడియేటర్ కావడం వల్ల సన్నటి కడ్డీతో పొడిచి శుభ్రం చేసి మళ్లీ టంకం పెట్టడం కుదిరింది.

ఇంకొక సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ ఉండవలసిన చోట ఏమీ లేదు. ఎప్పుడో ఏ షెడ్డులోనో, మన ఎండలకు అది అడ్డమని తీసేశారు. ఇది మన దగ్గర చాలా గట్టిగా పాతుకుపోయిన నమ్మకం, తప్పుడు నమ్మకం. థర్మోస్టాట్ తీసేస్తే చలికాలంలో ఇంజిన్ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా మురికి పడుతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం, పూడుకుపోతున్న రేడియేటర్ సంగతి మామూలు రోజుల్లో బయటపడకుండా దాచిపెట్టి, సరిగ్గా ఎండలో లారీ వెనక ఇరుక్కున్న రోజున చెయ్యిస్తుంది. కొత్త థర్మోస్టాట్ తెచ్చి బిగించకముందే, అమ్మ ఇచ్చిన పాలగిన్నెలో నీళ్లు పోసి, దారంతో దానిని వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించాను. దాని మీద 82 అని చెక్కి ఉంది. 80 దాకా బిగుసుకునే ఉన్న మూత 82, 83 దగ్గర గోరు దూరేంత తెరుచుకుంది. అమ్మ నా పక్కనే నిలబడి చూసి, "ఇంత చిన్న బిళ్లకే అంత తెలివా" అంది. రేడియేటర్ మూత కూడా కొత్తది వేశాము. 0.9 కేజీల ఒత్తిడిని పట్టి ఉంచే స్ప్రింగు దానిలో ఉంటుంది. ఆ ఒత్తిడి మీద నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాక 118, 119 దాకా మరగవు. స్ప్రింగు నీరసిస్తే ఆ రక్షణ పోతుంది.

బిగించడం రెండో రోజు మధ్యాహ్నానికి అయిపోయింది. బ్లాకులోని బోల్టు రంధ్రాల్లో నీళ్లు గానీ ఆయిల్ గానీ మిగలకుండా గుడ్డతో తుడిచి గాలి కొట్టాము. మిగిలితే బోల్టు కింద ఆ ద్రవం నలగడానికి చోటులేక బ్లాకునే పగలగొట్టవచ్చు. గాస్కెట్‌ను పైవైపు గుర్తు పైకి వచ్చేలా పొడిగా పరిచాము. రెండు వైపులా పేస్టు పూయడం కొందరికి అలవాటు, తయారుచేసినవారు చెప్పనిదే హెడ్ గాస్కెట్‌కు పేస్టు అక్కరలేదు. తలకిందులుగా వేస్తే ఆయిల్ రంధ్రం మూసుకుపోయి పైన క్యామ్ షాఫ్టు ఎండిపోతుంది కనుక ఆ రంధ్రం బ్లాకు రంధ్రంతో కలిసిందో లేదో నేను రెండుసార్లు వంగి చూశాను. బోల్టులను ఈసారి నడుము నుంచి చివర్లకు బిగించాము, మాన్యువల్‌లో ఉన్న అంకెను మూడు మెట్లు చేసుకుని, బిగువును కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో. ఉస్తాద్ నలభై ఏళ్ల చేతి అంచనా ఉన్నవాడు, అయినా ఈ ఎనిమిది బోల్టుల దగ్గర చేతిని నమ్మడు. పక్క షెడ్డు నుంచి టార్క్ రెంచ్ అడిగి తెప్పించాడు. బెల్టు వేసి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ ఎదురెదురుగా నిలిచాయని చూసుకున్నాకే వాల్వుల సందు సరిచేసే ట్యాపెట్ సెట్టింగ్ మొదలుపెట్టాము. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాము. నీళ్ల దారులన్నీ కడిగి, కూలెంట్‌నూ బ్యాటరీ నీళ్లనూ (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) సగానికి సగం కలిపి పోశాము. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. ఒలికినదాన్ని కుక్కలు నాకి చచ్చిపోతాయి కాబట్టి నేల మీద పడిన చుక్కలను నీళ్లు పోసి కడిగాను.

రేడియేటర్ మూత తీసే ఉంచి స్టార్ట్ చేశాము. హీటర్ మీట తెరిచి ఉంచడం వల్ల లోపల చిక్కుకున్న గాలి కొన్ని బుడగలుగా బయటికి వచ్చి ఆగిపోయింది. సైలెన్సర్‌లో మిగిలిన తడికి పది నిమిషాలు తెల్లటి ఆవిరి వచ్చి, తర్వాత ఏమీ కనిపించలేదు. థర్మోస్టాట్ తెరుచుకోగానే పై పైపు వేడెక్కింది, నీటి మట్టం ఒక్కసారి దిగితే మళ్లీ పోశాను. ఫ్యాన్ తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ముల్లు సగానికి కాస్త కింద నిలిచింది. ఉస్తాద్ పెన్సిల్‌తో రిజర్వు డబ్బా మీద నీటి మట్టం దగ్గర ఒక గీత గీయమన్నాడు.

మూడు వారాల తర్వాత అమ్మను తీసుకుని మళ్లీ కాళేశ్వరం బయలుదేరాను. భూపాలపల్లికి ముందు అవే బొగ్గు లారీలు, అదే సెకండ్ గేరు. వెనక సీటులోంచి అమ్మ రెండుసార్లు అడిగింది, "ముల్లు యాడుంది బిడ్డా?" సగం కిందనే ఉందని చెప్పాను. మర్నాడు ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి చూశాను. ఆకుపచ్చ నీళ్లు పెన్సిల్ గీత మీదే ఉన్నాయి.